మెనూకార్డు మీద ఎవరి పేరు?

హోటలు గురించి మనవాళ్ళలో ఇంతవరకూ జరిగిన చర్చ చాలావరకు గడప దగ్గరే ఆగింది. లోపలికి రానిచ్చారా లేదా, బెంచీ మీద కూర్చోనిచ్చారా లేదా, ఏ గ్లాసులో టీ పోశారు - ఇవీ మన ప్రశ్నలు. న్యాయమైన ప్రశ్నలే. వీటికోసం దెబ్బలు తిన్నవాళ్ళున్నారు, కేసు పెట్టిన పాపానికి పనులు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. కానీ గడప దాటాక ఏముంది? బల్ల ముందు కూర్చున్నాక చేతికిచ్చే మెనూకార్డులో ఎవరి తిండికి పేరుంది, ఎవరి తిండికి లేదు? వంటింట్లో ఎవరున్నారు, గల్లాపెట్టె దగ్గర ఎవరున్నారు, బోర్డు మీద ఏ కులం పేరుంది? ఈ ప్రశ్నల్ని మనం గట్టిగా అడగలా. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాన్ని ముందు పెట్టుకుని, అక్కడి రోడ్డు పట్టుకునే హైదరాబాదులో మధ్యధరా భోజనం పెట్టే ఖరీదైన రెస్టారెంటు దాకా పోయి, ఆ ప్రశ్నల్ని అడగటమే ఈ వ్యాసం పని.

రోడ్డూ, హోటలూ

కృష్ణా జిల్లాకి వాయవ్యాన ఉన్న మెట్ట ప్రాంతం ఇది. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. డెల్టా కాలవల కింద వరి పండుతుంటే ఇక్కడ చాలాకాలం జొన్న, కంది, పెసర, పత్తి, మిరప పండాయి. సాగర్ ఎడమ కాలవ నీళ్ళొచ్చాక కొంత మారింది. జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు. మధ్యలోంచి హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారి పోతుంది. ఒకప్పుడు దాని నంబరు 9, ఇప్పుడు 65. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆంధ్రలోకి వచ్చి చిల్లకల్లు, నందిగామ, కీసర మీదుగా బెజవాడ చేరుతుంది. రోడ్డుంటే లారీ, లారీ ఉంటే హోటలు. టీ బంకు, కాకా హోటలు, మెస్సు, ధాబా, ఏసీ ఫ్యామిలీ రెస్టారెంటు, ఈ మధ్య మండీ. ఈ వరసంతా చూస్తే మెట్ట ప్రాంతం బయట తిండి చరిత్ర మొత్తం కళ్ళ ముందుంటుంది.

నందిగామకి ఇంకో సంగతి ఉంది. 2009 ఎన్నికల నుంచి అది ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. అంటే ఇక్కడి నుంచి శాసనసభకి పోయేది మన మనిషే. శాసనసభలో కుర్చీ దొరికింది, సంతోషం. రోడ్డు పక్క హోటల్లో గల్లాపెట్టె దగ్గర కుర్చీ సంగతేంటి? ఓటు వేసే చోట మనిషిని మనిషిగా ఒప్పుకోక తప్పలేదు. కూడు పెట్టే చోట ఒప్పుకున్నారా? ఈ రెండు కుర్చీల మధ్య దూరమే ఇక్కడ అసలు విషయం.

చట్టం ఆగిన చోటు

రాజ్యాంగం 15వ అధికరణం హోటళ్ళలోకి, దుకాణాల్లోకి పోయే హక్కులో కులం అడ్డురాకూడదంది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో అస్పృశ్యత నేరాల చట్టం వచ్చింది. 1976లో దానికే పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చారు. హోటల్లోకి రానివ్వకపోవటమే కాదు, అక్కడ అందరికోసం ఉంచిన గిన్నెలూ గ్లాసులూ వాడనివ్వకపోవటం కూడా ఆ చట్టం ప్రకారం నేరం. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ కూడా ఈ సంగతిని ఎత్తిచెప్పింది. ఒక గ్లాసు గురించి ఇన్నిసార్లు చట్టంలో రాయాల్సి వచ్చిందంటే ఆ గ్లాసు ఎంత గట్టిదో చూడండి. 2001-02లో 11 రాష్ట్రాల్లోని 565 గ్రామాల్లో సర్వే చేసి, 2006లో పుస్తకంగా వేసిన పరిశోధకులకి, టీ కొట్లలో వేరు గ్లాసులూ వేరు కూర్చోవటాలూ సుమారు మూడో వంతు ఊళ్ళలో కనబడ్డాయి. అప్పటికి చట్టానికి నలభై ఆరేళ్ళు.

తర్వాత పేపరు కప్పు వచ్చింది. రెండు గ్లాసుల గొడవకి ఎవరూ చర్చించకుండా, ఎవరూ తప్పు ఒప్పుకోకుండా దొరికిన పరిష్కారం అది. అందరికీ అదే కప్పు, తాగి పారేయటమే, కడిగే పని లేదు. గమనించండి, కులం పోయి కప్పు ఒకటవలేదు. ఒకరు తాగిన గ్లాసులో ఇంకొకరు తాగాల్సిన అవసరం పోయింది కాబట్టి కప్పు ఒకటైంది. ఎంగిలి అనే భయం అలాగే ఉంది, దానికి సౌకర్యం మాత్రం పెరిగింది.

మన ప్రాంతంలో పెద్ద దాడులు ఎక్కడ మొదలయ్యాయో గుర్తు చేసుకుందాం. 1985లో కారంచేడు గొడవ తాగే నీళ్ళ దగ్గర మొదలైంది. 1991లో చుండూరు గొడవ సినిమా హాలు సీటు దగ్గర, కాలు తగిలిందన్న దగ్గర మొదలైంది. నీళ్ళు, సీటు - రెండూ నలుగురూ వాడుకునేవే. నలుగురూ కలిసే చోటే కులానికి చావుభయం. హోటలు అలాంటి చోటే.

చట్టం చేసిన మేలుని తక్కువ చెయ్యటం లేదు. కానీ దాని చూపులో ఒక లోటుంది. చట్టం మనల్ని తినేవాళ్ళుగానే చూసింది, పెట్టేవాళ్ళుగా చూడలా. వాళ్ళ హోటల్లోకి మనం పోవటానికి చట్టం ఉంది. మన హోటలుకి వాళ్ళు రావటానికి ఏ చట్టమూ లేదు, ఉండదు కూడా. రానంతకాలం ఆ హోటలు నడవదు. దీన్ని ఏ పోలీస్ స్టేషన్లో రాయిస్తాం? ఎవరూ తిట్టలేదు, ఎవరూ కొట్టలేదు, ఊరికే రాలేదు. అంటరానితనానికి ఇంతకంటే సుఖమైన దారి లేదు.

పెట్టేవాళ్ళుగా మనల్ని గుర్తించిన సందర్భం ఒకటుంది. బడిలో మధ్యాహ్న భోజనం. 2001లో పిల్లలకి వండిన అన్నమే పెట్టాలన్న సుప్రీంకోర్టు, 2004 ఏప్రిల్లో వంటవాళ్ళ నియామకంలో దళితులకి, ఆదివాసులకి ప్రాధాన్యం ఇవ్వాలని ఆదేశించింది. అది కేవలం ఉపాధి ఉత్తర్వు కాదు. ఊరి పిల్లలందరూ మాల మాదిగ ఆడమనిషి చేతి వంట తినాలని చెప్పిన మాట. అందుకే అంత గొడవయింది. 2021 డిసెంబర్లో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లా సూఖీఢాంగ్ బడిలో దళిత వంటమనిషి వండిన అన్నాన్ని అగ్రకులాల పిల్లలు ముట్టలేదు. ఆమెను పనిలోంచి తీసేశారు. దేశమంతా గొడవయ్యాక గానీ మళ్ళీ తీసుకోలేదు. రోడ్డు మీద ఎవరు వండారో తెలియని ధాబాలో తినే చెయ్యే, బడిలో తెలిసిన ఆడమనిషి వంట దగ్గర వెనక్కి పోతుంది. తేడా రుచిలో లేదు, తెలియటంలో ఉంది.

ఒకే పళ్ళెం

ఈ రోడ్డు పొడుగునా ఇప్పుడు కుర్రాళ్ళ నోట ఎక్కువగా వినబడే మాట మండీ. పెద్ద పళ్ళెంలో అన్నం, పైన మాంసం, చుట్టూ నలుగురు. ఇది యెమెన్ తిండి. నిజాం సైన్యంలో పనిచేసిన హద్రమౌత్ అరబ్బుల సంతతి హైదరాబాదు బార్కస్‌లో ఉంది. బ్యారక్స్ అన్న మాటే బార్కస్ అయింది. అక్కడినుంచి నగరమంతా పాకి, తర్వాత జిల్లాలకి వచ్చింది.

కులం కళ్ళతో చూస్తే ఆ పళ్ళెం చాలా పెద్ద విషయం. మన ఊళ్ళలో భోజనానికి విస్తరి వేరు, పంక్తి వేరు. ఎంగిలి అనే మాట మీదే సగం సంస్కృతి నిలబడింది. అలాంటి చోట నలుగురి చేతులు ఒకే అన్నంలో పడుతున్నాయి. సంస్కర్తలు ఏళ్ళ తరబడి సహపంక్తి భోజనాలు పెట్టి చెప్పింది కుర్రాళ్ళు సరదాకి చేస్తున్నారు. సంతోషించాల్సిందే. కానీ ఆ నాలుగు చేతులూ ఎవరివని కూడా అడగాలి. కాలేజీలో బెంచీ పంచుకున్నవాళ్ళు పళ్ళెం పంచుకుంటే అది మార్పు. ఒకే వీధి, ఒకే కులం కుర్రాళ్ళు వచ్చి ఒకే పళ్ళెంలో తింటే అది వాళ్ళింటి అరుగే, కాస్త రోడ్డు మీదికి జరిగింది. ఆ పళ్ళేనికి ఎంగిలి లేదు. దాని చుట్టూ కూర్చునేవాళ్ళని ఎంచుకునే మనసుకి ఉంది.

అంబేడ్కర్ 1936లో జాత్-పాత్ తోడక్ మండల్ కోసం రాసిన, చదవనివ్వని ఉపన్యాసంలో ఈ విషయం తేల్చాడు. కలిసి తినటం కులాన్ని చంపలేకపోయింది, కులాంతర వివాహమూ శాస్త్రాల పవిత్రతని కూల్చటమూ కావాలన్నాడు. మన జిల్లాలోనే గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, తర్వాత విజయవాడ పటమటకి మార్చి, కలిసి తినటాన్ని పనిగా పెట్టుకున్నాడు. 1972 ఆగస్టు 15న ఆ కేంద్రం ఆవుమాంసం, పందిమాంసం కలిపి బహిరంగంగా విందు పెట్టింది. ఆయన భోజనం దగ్గర ఆగకుండా కూతురికి దళిత యువకుడితో పెళ్ళి కూడా చేశాడు కాబట్టి ఆ విందుకి విలువ. విందు దగ్గరే ఆగినవాళ్ళకి కులం కూడా ఆ విందులో ఒక వంటకమే.

తెల్లగుడ్డ పరిచిన బల్ల

ఇక అదే రోడ్డు మీద రెండు వందల కిలోమీటర్లు పడమటికి పోదాం. జూబ్లీహిల్స్, హైటెక్ సిటీ ప్రాంతాల్లో మధ్యధరా భోజనం పెట్టే రెస్టారెంట్లు ఉన్నాయి. మన మెట్ట ఊళ్ళ నుంచి పోయి సాఫ్ట్‌వేర్‌లో చేరిన మన పిల్లలు మొదటి జీతం రోజున అక్కడికి పోతున్నారు. పోనివ్వండి. ఆ కుర్చీని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. టీ కొట్టు బయట నిలబడి తాగిన తాత మనవడు, తెల్లగుడ్డ పరిచిన బల్ల ముందు కూర్చుంటే సర్వరు వచ్చి సార్ అంటాడు. ఇంటిపేరు అడగడు. ఆ గంటసేపు దొరికే స్వేచ్ఛ నిజమైందే. పెట్టుబడిదారీ మాయ అని ఒక్క మాటలో కొట్టిపారేసేవాళ్ళు బహుశా ఎప్పుడూ బయట నిలబడి టీ తాగి ఉండరు.

కానీ విమర్శకుడు సర్వరు మర్యాద దగ్గర ఆగకూడదు. కార్డు చదవాలి. హమ్మస్ అంటే ఉడికించిన శనగలు, నువ్వుల ముద్ద, నిమ్మరసం, ఆలివ్ నూనె. ఫలాఫెల్ అంటే నానబెట్టిన శనగలు రుబ్బి వేయించిన వడ. బాబా గనూష్ అంటే నిప్పుల మీద కాల్చిన వంకాయ పచ్చడి. తబూలే అంటే గోధుమ రవ్వలో కలిపిన ఆకుకూర. శనగ, నువ్వు, వంకాయ, ఆకు - మన పల్లెలో ఆడవాళ్ళు రాత్రి పొయ్యి ముందు కూర్చుని చేసే సరుకే. ఆ చిన్న గిన్నెడు శనగ ముద్ద ధర, నందిగామ చేలల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిరపకాయలు కోసిన ఆడమనిషి కూలికి అటూ ఇటూగా ఉంటుంది.

మధ్యధరా తిండి ఎవరిది? ఇది చాలామందికి తెలియని సంగతి. అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ 1958లో మొదలుపెట్టిన ఏడు దేశాల అధ్యయనంలో గ్రీసు దేశపు క్రీట్ ద్వీపం మగవాళ్ళకి గుండెజబ్బులు చాలా తక్కువగా కనబడ్డాయి. వాళ్ళు రైతులు, శ్రమజీవులు. రొట్టె, పప్పుగింజలు, ఆకుకూరలు, ఆలివ్ నూనె, ఎప్పుడన్నా మాంసం. మాంసం తక్కువ తిన్నది ఆరోగ్య సూత్రం తెలిసి కాదు, కొనలేక. పేదరికం తప్పనిసరి చేసిన తిండికి డాక్టర్లు సర్టిఫికెట్ ఇచ్చారు. 2010లో యునెస్కో దాన్ని మానవజాతి సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. పేదవాడి కూడు ఇలా పెద్దింటి బల్ల ఎక్కింది.

మన జొన్నకీ ఇదే జరుగుతోంది. మెట్ట ఊళ్ళలో జొన్నన్నం తినటమంటే వరన్నానికి గతి లేకపోవటం. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు పల్లెల్లో ఆ తెల్లన్నం ఎంత గౌరవంగా కనబడిందో పెద్దవాళ్ళని అడగండి. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఇప్పుడు జొన్న, కొర్ర నగరంలో ఖరీదైన ఆరోగ్యం. గింజకి గౌరవం వచ్చింది, బాగుంది. ఆ గింజని తరతరాలు తిని బతికినవాళ్ళ పేరు ఆ ప్యాకెట్ మీద ఎక్కడన్నా ఉందా?

తోలు తీసినవాళ్ళ కూర

ఇక్కడే మధ్యధరా తీరం నుంచి మనం నేర్చుకోవాల్సిన ఒక పాఠం ఉంది. ఇటలీ రాజధాని రోములో టెస్టాచ్చో అనే పేట ఉంది. అక్కడ 1890 ప్రాంతంలో కట్టిన పెద్ద కబేళా 1975 దాకా నడిచింది. పశువు మాంసంలో మంచి భాగాలు డబ్బున్నవాళ్ళకి పోయేవి. మిగిలిన తోక, పేగులు, పొట్ట, తలకాయ, కాళ్ళు కబేళా పనివాళ్ళకి దక్కేవి, కొన్నిసార్లు కూలి కింద కూడా ఇచ్చేవాళ్ళు. దాన్ని వాళ్ళు ఐదో పాలు అన్నారు. పశువుని నాలుగు పాళ్ళు చేసి పంచుకున్నాక లెక్కలోకి రాని పాలు అది. ఆ పాలుని గంటల తరబడి సన్నటి మంట మీద ఉడికించి ఆ పేట జనం కూరలు చేశారు. అందులో ఎద్దు తోక కూర పేరు కోదా అల్లా వచ్చినారా. తెలుగు చెవికి ఎవరో పలకరించినట్టుంటుంది గానీ దాని అర్థం వేరు. వచ్చినారీ అంటే పశువుల్ని కోసి తోలు తీసి ఊనే పనివాళ్ళు. ఆ తోలు పనివాళ్ళ పద్ధతిలో చేసిన తోక కూర అని ఆ పేరు. ఈ రోజు రోములో తెల్లగుడ్డ బల్లల మీద ఆ కూర అదే పేరుతో నగరానికి గర్వంగా వడ్డిస్తారు.

ఈ వాక్యాన్ని తెలుగులోకి తెచ్చి చూడండి. విజయవాడలోనో హైదరాబాదులోనో ఖరీదైన రెస్టారెంటు కార్డు మీద మాదిగవారి తోక కూర అని అచ్చేయగలరా? ఊహకే అందటం లేదు గదా. ఎందుకు అందటం లేదో అదే మన సమాజశాస్త్రం. రోములో ఆ పనివాళ్ళు పేదలు, మురికివాడ మనుషులు, తక్కువ చూపు చూడబడ్డవాళ్ళు. కానీ వాళ్ళ తక్కువతనం పుట్టుకతో వచ్చి చావుతో కూడా పోని మైల కాదు. కాబట్టి కాలం మారినప్పుడు కూర పైకొచ్చింది, కూరతోపాటు వాళ్ళ పేరూ పైకొచ్చింది. ఇక్కడ కూర పైకి రావాలంటే పేరు చావాలి. ఆరబెట్టిన గొడ్డుమాంసం ఇటలీలో బ్రెసావోలా, టర్కీలో పాస్తిర్మా. పల్చగా కోసి పళ్ళెంలో పేరిస్తే అది నాగరికత. మన గూడెంలో దండెం మీద ఆరేసిన తునకలు మాత్రం వాసన. వాసన మాంసంలో లేదు, చూసే ముక్కులో ఉంది.

రోముని పొగడటం నా ఉద్దేశం కాదు. కూరకి పేరొచ్చినంత మాత్రాన అక్కడి కూలివాడు ఆ బల్ల ముందు కూర్చుంటున్నాడని కాదు. పేదవాడి తిండి ఖరీదై, పేదవాడికే అందకపోవటం అక్కడా ఉంది. నేను చెప్పేది ఒక్కటే. వర్గం ఉన్నచోట తిండి తన మనుషుల పేరుతో పైకి రాగలిగింది. కులం ఉన్నచోట రాలేకపోతోంది.

దీనికి మనవైపు నుంచి కూడా ఒక చిక్కుంది. 1927లో మహద్‌లో అంబేడ్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానమని చెప్పాడు. 2012 ఏప్రిల్లో ఉస్మానియా విద్యార్థులు బహిరంగంగా బీఫ్ పండుగ చేశారు, దాడులు ఎదుర్కొన్నారు. ఒకాయన మానమన్నాడు, వీళ్ళు తింటామన్నారు, ఏది నిజం అని ఎకసెక్కాలాడేవాళ్ళున్నారు. రెండూ ఒకటే. చచ్చిన గొడ్డు ఊరు మన మీద పడేసిన పాలు, వెట్టితో ముడిపడ్డ పాలు. దాన్ని కాదనటం ఆత్మగౌరవం. కొనుక్కుని, వండుకుని, నలుగురిలో తినే మాంసం మనం ఎంచుకున్నది. దాన్ని దాచుకోకపోవటమూ ఆత్మగౌరవమే.

బోర్డు మీద కులం

కులం పేరు పెడితే వ్యాపారం నడవదంటారు. అబద్ధం. తెలుగునాట తిండి వ్యాపారం కులం పేరు మీదే నడుస్తోంది. రాజుగారి కోడిపులావు ఉంది, రెడ్డిగారి వంటిల్లు ఉంది, నాయుడుగారి బిర్యానీ ఉంది, బ్రాహ్మణ భోజనం ఉంది. ఈ పేర్లు చూసి ఎవరూ ముఖం చిట్లించరు, కులతత్వం అనరు. అది రుచికి హామీ, శుభ్రతకి హామీ అనుకుంటారు. అంటే పై కులం పేరు బ్రాండు, కింది కులం పేరు కేసు. ఒకటి బోర్డు మీదికి ఎక్కుతుంది, ఇంకొకటి తిట్టుగా నోటికెక్కుతుంది.

ఈ బోర్డుని ప్రశ్నించిన చరిత్ర మనకి పక్కనే ఉంది. 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక హోటలు బోర్డు మీద బ్రాహ్మణ అన్న మాట తీసేయాలని పెరియార్ ద్రావిడ కళగం నెలల తరబడి పికెటింగ్ చేసింది. చివరికి ఆ మాట పోయింది. అంతకు నాలుగేళ్ళ ముందు దాకా మన కృష్ణా జిల్లా కూడా ఆ మద్రాసు రాష్ట్రంలోదే. ఇక్కడ అలాంటి పికెటింగ్ మనం చెయ్యలా. 2016లో చంద్రభాన్ ప్రసాద్ ఇంకో దారి పట్టాడు. ఉన్న బోర్డు తీయించటం కాదు, దళిత్ ఫుడ్స్ అని కొత్త బోర్డు పెట్టాడు. దళితుడు తయారుచేసిన పచ్చడి, మసాలా పొడి, ఆ పేరుతోనే కొంటారా అని బజారుకి సవాలు విసిరాడు. మార్కెట్టు కులాన్ని చంపుతుందన్న ఆయన నమ్మకంతో మనకి తగాదా ఉండొచ్చు. కానీ ఆ సవాలు సరైంది. అది చట్టం చేరలేని చోట వేసిన ప్రశ్న.

కొత్త కంపెనీలకి కులం తెలియదనుకోకండి. 2024 మార్చిలో జొమాటో శుద్ధ శాకాహారానికి వేరే మనుషులు, వేరే ఆకుపచ్చ దుస్తులు అని ప్రకటించింది. గొడవయ్యాక మర్నాడే దుస్తుల రంగు వెనక్కి తీసుకుంది. సంచి మోసే మనిషి అంటు సంచిలోని అన్నానికి తగులుతుందని చెప్పటమే గదా అది. రెండు గ్లాసుల పద్ధతి టీ కొట్టు నుంచి సెల్‌ఫోనులోకి ఎక్కింది.

పేరు పెట్టటం రాతపని కూడా. మరాఠీలో షాహు పాటోళె 2015లో మరాఠ్వాడా మహార్, మాంగ్ కులాల వంటల మీద పుస్తకం రాశాడు. అన్నం పూర్ణబ్రహ్మం అన్న మాటని తిరగేసి, అన్నం అపూర్ణబ్రహ్మం అని దానికి పేరు పెట్టాడు. 2024లో అది ఇంగ్లీషులోకి వచ్చింది. ఏ భాగాన్ని ఎలా కోస్తారు, ఎలా ఆరబెడతారు, నూనె లేనప్పుడు కొవ్వుతో ఎలా వండుతారు - అన్నీ రాశాడు. తెలుగులో ఆంధ్రా భోజనం అనగానే పప్పు, ఆవకాయ, గోంగూర, పులిహోర. ఆంధ్ర అన్న మాటలోంచి పల్లెనీ గూడేన్నీ తీసేసి మిగిలినదానికి ఆంధ్ర అని పేరు పెట్టారు. మన కవులు గొడ్డుమాంసం మీద కవిత్వం రాశారు. ఆ కవిత్వానికి సరితూగే వంట పుస్తకం మాత్రం రావాలి.

మనలోనూ

వేలు ఎదుటివాళ్ళ వైపే చూపించి ముగిస్తే నిజాయితీ కాదు. మాలపల్లెలో మేం పెద్దమాంసం మానేశాం అని గొప్పగా చెప్పుకునే ఇళ్ళున్నాయి. ఆ గొప్ప ఎవరితో పోల్చుకుని? మాదిగ ఇంట్లో పెళ్ళికి పోయి భోజనం దగ్గర తప్పుకునేవాళ్ళు లేరా? మాదిగల నుంచి ఉపకులాల వైపు అదే చూపు లేదా? 1994లో మొదలైన దండోరా పంచుకోమని అడిగింది ఉద్యోగాలే గానీ, ఆ అడగటం వెనక పళ్ళెం కూడా ఉంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకి రాష్ట్రాలకి అధికారం ఉందని చెప్పింది. సీట్ల లెక్క కోర్టు తేల్చగలదు. పంక్తి లెక్క మనమే తేల్చుకోవాలి.

ఆడవాళ్ళ మాట కూడా ఇక్కడే. మగవాడు బయట తినటాన్ని స్వేచ్ఛ అంటున్నాం. పొద్దున మిరప చేలో, రాత్రి పొయ్యి దగ్గర ఉండే ఆడమనిషికి ఎవరో వండి కూర్చోబెట్టి పెట్టటం అనేది బతుకులో ఎన్నిసార్లు జరుగుతుంది? హోటల్లో కూడా ఆమె ఎక్కువగా కనబడేది వెనక, అంట్లు తోమే తొట్టి దగ్గర. రుచిని కనిపెట్టిన చేతికి బోర్డులో చోటు లేదు, వంటపుస్తకంలో చోటు లేదు, చివరికి మన విమర్శలో కూడా అర పేరానే.

లెక్క తీద్దాం

ఈ పత్రిక చదివే విద్యార్థులకి, టీచర్లకి, కార్యకర్తలకి ఒక పని చెబుతున్నాను. గరికపాడు నుంచి కీసర దాకా, జగ్గయ్యపేట, నందిగామ ఊళ్ళు కలుపుకుని, హోటళ్ళ లెక్క తీయండి. ఎవరి పేరుతో లైసెన్సు ఉంది, స్థలం ఎవరిది, వండేది ఎవరు, వడ్డించేది ఎవరు, తోమేది ఎవరు. బోర్డు మీద కులం పేరు ఎన్నిటికి ఉంది, అవి ఏ కులాలు. మనవాళ్ళు నడిపే హోటళ్ళుంటే, వాటిలో కులం తెలిసి వచ్చేవాళ్ళెందరు, తెలియక వచ్చేవాళ్ళెందరు, తెలిశాక మానేసినవాళ్ళెందరు. ఆ యజమాని తన కులం చెప్పుకోగలుగుతున్నాడా, లేక గోడ మీద అందరి దేవుళ్ళ పటాలు పెట్టుకుని దాచుకుంటున్నాడా. ఊరి బడుల్లో వంట ఎవరి చేతిలో ఉంది. ఈ లెక్క ప్రభుత్వం తీయదు. రెండు గ్లాసుల్ని లెక్కపెట్టిన సర్వేలు కూడా ఈ లెక్క జోలికి పోలా.

దానితోపాటు పల్లెల్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని వంటలు రాయండి. కొలతలతో, పేర్లతో, ఎవరు నేర్పారో వాళ్ళ పేరుతో సహా. సిగ్గుపడాల్సిన పేరు అందులో ఒక్కటి కూడా లేదు.

కారంచేడు తర్వాత మనం గడప దాటే హక్కు కోసం కొట్లాడాం. ఆ కొట్లాట పూర్తికాలేదు, ఆపకూడదు కూడా. కానీ బల్ల ముందు కూర్చోవటంతో విముక్తి అయిపోదు. మన చేతి కూడు, మన పేరుతో, మన బోర్డు కింద, ఊరంతా డబ్బిచ్చి తిన్న రోజున హోటలు నిజంగా అందరిదవుతుంది. అప్పటిదాకా అది డబ్బున్నంతసేపు మనల్ని కూర్చోనిచ్చే వాళ్ళ ఇల్లు.